అమెరికాలో చదువుకు ఎఫ్-1 వీసాకు దరఖాస్తు చేస్తున్నారా? ఫండ్స్ దగ్గర కాస్త ఆగండి

మొన్న మా పక్క వీధి కుర్రాడు నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్ నుంచి వీసా రాక, వెళ్లినంత సేపట్లోనే తిరిగొచ్చేశాడు. చదువుకు డబ్బెవరు పెడతారని అడిగితే ‘నాన్న సేవింగ్స్, 32 లక్షలు’ అన్నాడట. నాన్న ఏం చేస్తారు? వ్యవసాయం. ఏడాదికి ఎంత మిగులుతుంది? అక్కడ నోరు పెగల్లేదు. ఆ 32 లక్షలు కన్సల్టెన్సీ వాళ్లు కమీషన్ తీసుకుని నెల రోజుల కోసం ఖాతాలో వేయించినవి.

మిగతా పనులు పెద్ద కష్టం కాదు. యూనివర్సిటీ ఐ-20 (అడ్మిషన్, ఖర్చుల వివరాలుండే పత్రం) పంపాక, దానిమీదున్న నంబరుతో 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు కట్టేది) కట్టాలి. ఆన్‌లైన్‌లో డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, అపాయింట్‌మెంట్ల వెబ్‌సైట్‌లో వీసా ప్రొఫైల్ తెరిచి, 185 డాలర్ల వీసా ఫీజు కట్టి రెండు స్లాట్లు తీసుకోవాలి. ఒకటి వేలిముద్రలకు, ఇంకోటి ఇంటర్వ్యూకి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా ఫారంలో రాయాలి. 2025 జూన్ నుంచి ఆ ఖాతాలను పబ్లిక్‌గా ఉంచమంటున్నారు. వీసా రాకపోయినా ఈ ఫీజులు వెనక్కి రావు. డీఎస్-160 ఫారానికంటూ విడిగా ఫీజు లేదు. ఎవరైనా అడిగారంటే అది వాళ్ల సొంత చార్జీ.

ఇక ఫండ్స్. ఎంత చూపాలో కన్సల్టెన్సీని అడగనక్కర్లేదు, ఐ-20లోనే ఉంటుంది. ఫీజు ఎంత, ఉండడానికి తినడానికి ఎంత, అది ఎన్ని నెలల లెక్క అన్నీ అందులో రాసి ఉంటాయి. చేతిలో ఉన్నట్టు చూపాల్సింది మొదటి ఏడాది ఖర్చు. ఆ తర్వాతి ఏడాదికి ఎలా సర్దుతారో నమ్మకంగా చెప్పగలిగితే చాలు. రెండేళ్ల డబ్బూ ఒకేసారి ఖాతాలో కనపడాలన్న భయంతోనే చాలామంది ఈ అద్దె డబ్బుకు దొరికిపోతున్నారు.

అంతా ఒకే ఖాతాలో ఉండాలనీ లేదు. కొంత సేవింగ్స్, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్, మిగతాది ఎడ్యుకేషన్ లోన్ అయినా ఫర్వాలేదు. లోన్ అని చెప్పడానికి మొహమాటపడే తల్లిదండ్రుల్ని చూశాను. అందులో నామోషీ ఏముంది? లోన్ డబ్బు చేతికి రాకపోయినా బ్యాంకు శాంక్షన్ లెటర్ ఉంటే పని జరుగుతుంది. అయితే ‘పరిశీలిస్తాం’ అనే ధోరణిలో ఇచ్చే ముందస్తు లెటర్ వేరు, శాంక్షన్ లెటర్ వేరు. చదివి చూసుకోండి. రైతు కుటుంబాలకు ఇక్కడో చిక్కుంది. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఈ లోన్లకు తనఖా పెట్టుకోవు, ఇల్లో ప్లాటో అడుగుతాయి. కాబట్టి అడ్మిషన్ రాగానే బ్యాంకుకు వెళ్లండి, స్లాట్ దొరికాక కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చే ఆస్తుల లెక్కలో పొలం, బంగారం ఎంత కనపడినా అది రేపు ఫీజు కట్టే డబ్బు కాదు.

దొంగ స్టేట్‌మెంట్ల జోలికి మాత్రం పోవద్దు. మామూలుగా రిజెక్ట్ చేసేది అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద. అది శాశ్వతం కాదు, కొత్త ఫారం నింపి, మళ్లీ 185 డాలర్లు కట్టి ఎప్పుడైనా వెళ్లొచ్చు. అవే చదువుల వీసాకు ఏడాదిలోపు మళ్లీ వెళ్తే సెవిస్ ఫీజు రెండోసారి కట్టే పని లేదు. మోసం చేశారని తేలితే మాత్రం వేరే సెక్షన్ పడుతుంది, దాంతో అమెరికా దారి జీవితాంతం మూసుకుపోవచ్చు. కాగితం తయారుచేసింది కన్సల్టెన్సీయే అయినా సంతకం మీది.

ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంటుంది. చేస్తే చేశారనే రాయండి, అది తప్పేమీ కాదు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ ఫారం కాపీ తీసుకుని, డబ్బెవరు పెడుతున్నారని రాశారో మీ కళ్లతో చదవండి. మా కుర్రాడు చదవలేదు.

ఇప్పుడు వాళ్లు నిజంగానే లోన్‌కు పెట్టారు, ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. రెండోసారి స్లాట్ తీసుకుందామంటే వీసా ప్రొఫైల్ పాస్‌వర్డ్ కన్సల్టెన్సీ దగ్గరే ఉంది, వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. మీ ప్రొఫైల్ మీ ఈమెయిల్‌తోనే తెరవండి.