షీట్ ఫిల్మ్ కడిగే వాషర్: కొనాలన్నా, కట్టుకోవాలన్నా

ఫిక్సర్‌లోంచి (డెవలప్ అయ్యాక మిగిలిన వెండి లవణాలను కరిగించే ద్రావణంలోంచి) తీసిన నెగటివ్ చూడటానికి పని పూర్తయినట్టే ఉంటుంది. కానీ దాని జిలెటిన్ పొరలో ఫిక్సర్ రసాయనమైన థయోసల్ఫేటూ, అది వెండితో కలిసి ఏర్పడిన లవణాలూ ఇంకా నిలిచే ఉంటాయి. వాటిని కడిగి పంపకపోతే కొన్నేళ్లకు అవి విరిగి, బొమ్మలోని వెండిని సల్ఫైడుగా మార్చి, పసుపు, గోధుమ రంగు మరకలై బయటపడతాయి. రోల్ ఫిల్మ్ రీలుకు చుట్టుకొని ఉంటుంది కాబట్టి డెవలప్ చేసిన ట్యాంకులోనే నీళ్లు మార్చి మార్చి కడిగేయవచ్చు. ఒక్కో ఫొటోకు ఒక్కో విడి ముక్కగా వచ్చే షీట్ ఫిల్మ్‌ను ట్రేలో వేసి అడుగు షీటును పైకి, పై షీటును అడుక్కి మారుస్తూ కడిగేవారు చాలామందే ఉన్నారు. అయితే నానిన జిలెటిన్ ఎంత మెత్తగా ఉంటుందంటే, పక్క షీటు మూల ఒక్కసారి రాసుకున్నా గీత పడిపోతుంది. ఒక్కో షీటును విడిగా నిలబెట్టే వాషర్ అవసరం అక్కడే మొదలవుతుంది.

ప్రింట్ల వాషర్ ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. పని నడుస్తుంది కానీ నీళ్లు వృథా. ఫైబర్ కాగితం రసాయనాన్ని తన నారలోకి పీల్చుకుంటుంది, దాన్ని వదిలించడానికి చాలాసేపు పడుతుంది. ఫిల్మ్ ప్లాస్టిక్ పీల్చుకోదు. ఉన్నదంతా పలుచని జిలెటిన్ పొరలోనే ఉంటుంది. పైగా పెద్ద ప్రింట్ల కోసం చేసిన వెడల్పాటి అరలో 4×5 అంగుళాల షీటు వేస్తే అది అడ్డం తిరుగుతుంది, గోడకు అతుక్కుంటుంది, కొన్నిసార్లు పైకి తేలి సగం ఆరిపోతుంది. వాషర్ ఫిల్మ్ సైజుకు సరిపోయి ఉండాలన్నది నా మొదటి షరతు.

రెండోది నీటి మార్పిడి. కుళాయి ధారగా వదిలితే బాగా కడిగినట్టు అనిపిస్తుంది, కానీ లెక్క వేరే చెబుతుంది. లోపలి నీరు పూర్తిగా కలిసిపోతూ పొర్లిపోయే పెట్టెలో, పెట్టెడు నీళ్లు పోసేసరికి పాత నీటిలో 37 శాతం ఇంకా లోపలే ఉంటుంది. మూడు పెట్టెల నీళ్లు పోసినా సుమారు 5 శాతం మిగులుతుంది. అదే పెట్టెను మొత్తం ఖాళీ చేసి నింపే పద్ధతిలో, ప్రతిసారీ ఇరవయ్యో వంతు నీరు అడుగున మిగిలిందనుకున్నా, మూడుసార్లకు ఎనిమిది వేలలో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. అయితే జిలెటిన్‌లోంచి రసాయనం నీటిలోకి ఊరి రావడానికి కొంత వ్యవధి కావాలి గనుక, నింపగానే దించేయడం వల్ల కూడా లాభం లేదు. మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి తానుగా నిండి, వంపు గొట్టం నీటిని లాగేయడంతో తానుగా ఖాళీ అయ్యే సైఫన్ వాషర్ వైపే నేను మొగ్గు చూపుతాను. కొనేటప్పుడు కూడా ధార ఎంత జోరుగా వస్తుందో కాదు, పెట్టె ఎంత త్వరగా ఖాళీ అవుతుందో, అడుగున ఎంత నీరు మిగులుతుందో చూడండి.

మూడోదాన్ని నేను నష్టపోయాకే నేర్చుకున్నాను. నేను మొదట కట్టిన పెట్టెలో అడ్డుపలకలు నున్నటి అక్రిలిక్‌వి. షీట్ల వీపు పలకలకు తడి అద్దంలా అతుక్కుపోయింది, వెనక్కి చుక్క నీరు వెళ్లలేదు. ఆరబెట్టాక చూస్తే నెగటివ్ మధ్యలో అరచేయంత గులాబీ రంగు మచ్చ. వెనుక పూతలో ఉండే యాంటీహేలేషన్ రంగు (ఫిల్మ్ దాటిన కాంతి తిరిగి వెనక్కి రాకుండా ఆపేది) కరిగిపోక అక్కడే ఉండిపోయింది. మళ్లీ నానబెట్టి కడిగితే మచ్చ పోయింది గానీ, ఆ హడావుడిలో ఒక షీటుకు వేలిగోరు తగిలి ఆకాశం మీద గీత పడింది. అందుకే ఏ వాషర్ చూసినా నీరు షీటు రెండు ముఖాలకూ చేరుతుందా అని ముందు చూస్తాను.

ఇక కట్టడం. 4×5 షీట్లు ఎనిమిది పట్టే పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం. షీటును పొడవు అంచు మీద నిలబెడితే వెడల్పు 12.7, ఎత్తు 10.2 సెంటీమీటర్లు. లోపలి వెడల్పు 13.5 సెంటీమీటర్లు ఉంటే షీటు ఇరుక్కోదు, తిరిగిపోదు. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ అడ్డుపలకలు ఏడు, వాటి మధ్య 1 సెంటీమీటరు ఖాళీ చొప్పున పెడితే లోపలి పొడవు సుమారు 10 సెంటీమీటర్లు వస్తుంది. పలకలనూ షీట్లనూ అడుగుకు తాకనివ్వకుండా 1 సెంటీమీటరు ఎత్తున రెండు కడ్డీల మీద నిలపాలి. షీటు పైఅంచుకు మరో 1.5 సెంటీమీటర్లు పైన నీటి మట్టం, దాని పైన రెండు సెంటీమీటర్లకు పైగా గోడ వదిలితే పెట్టె ఎత్తు 15 సెంటీమీటర్లు. పట్టే నీరు ఒకటిన్నర లీటరుకు కాస్త తక్కువ.

ప్రతి అడ్డుపలక ఒక ముఖానికి 2 మిల్లీమీటర్ల సన్నని అక్రిలిక్ కడ్డీలు మూడింటిని నిలువుగా అతికించాలి. షీటు వీపు వాటికే ఆనాలి, ఎమల్షన్ (బొమ్మ ఉండే జిలెటిన్ పొర) వైపు ఖాళీగా ఉండాలి. పెట్టె కింద ఒక వైపు చిన్న చెక్కముక్క పెట్టి కొద్దిగా వంచితే షీట్లన్నీ కడ్డీల వైపే వాలతాయి. మొదటి అర వెనుక గోడకూ కడ్డీలు అతికించడం మరచిపోవద్దు. రెండు వైపులా ఎమల్షన్ ఉండే ఎక్స్‌రే ఫిల్మ్‌కు మాత్రం ఈ ఏర్పాటు పనికిరాదు. దాన్ని అంచులు మాత్రమే పట్టుకునే హ్యాంగర్‌లోనే కడగాలి. హ్యాంగర్ల గాడిలో నీరు నిలిచిపోతుంది గనుక అంచులకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి.

అతుకులకు అక్రిలిక్‌ను కరిగించి కలిపే ద్రావకమే మేలు. సిలికోన్ అక్రిలిక్‌ను గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్లకు అంచు లేచి కారుతుంది.

సైఫన్ కోసం 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టాన్ని తలకిందులైన యు ఆకారంలో వంచండి. లోపలి కాలు అడుగుకు 5 మిల్లీమీటర్ల పైన ఆగాలి, వంపు సరిగ్గా నీటి మట్టం దగ్గర ఉండాలి, బయటి కాలు పెట్టె అడుగు కన్నా బాగా కిందికి దిగాలి. నీరు లోపలికి వచ్చే గొట్టాన్ని అడుగున పడుకోబెట్టి, ప్రతి అర కిందా ఒక చిన్న రంధ్రం వేయండి. నిమిషానికి అర లీటరు వదిలితే మూడు నిమిషాలకు పెట్టె నిండుతుంది. సర్దుబాటంతా ఇక్కడే ఉంది: కుళాయి మరీ సన్నగా ఉంటే నీరు వంపు మీదుగా బొట్లుబొట్లుగా జారిపోతుందే తప్ప సైఫన్ అందుకోదు, మరీ జోరుగా ఉంటే సైఫన్ గడగడమంటూ ఆగకుండా లాగుతూనే ఉంటుంది, పెట్టె మళ్లీ నిండదు.

ఫిల్మ్ పెట్టకముందే పరీక్షించండి. పనికిరాని షీట్లను అరల్లో నిలబెట్టి, ఒక్కో అరలో ఆహారపు రంగు రెండు చుక్కలు వేసి, నీరు వదిలి చూడండి. రంగు ఏ మూలన ఆగిపోతుందో ఆ మూల రసాయనం కూడా అలాగే ఆగుతుంది. అక్కడి రంధ్రాన్ని కాస్త పెద్దది చేయాలి.

కడిగే నీరు 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. జిలెటిన్‌ను గట్టిపరిచే పదార్థం లేని ఫిక్సర్ వాడితే కడగడం త్వరగా అవుతుంది. ముందు ఒకసారి నీళ్లలో ముంచి తీసి, 2 శాతం సోడియం సల్ఫైట్ ద్రావణంలో రెండు నిమిషాలు ఉంచితే, తర్వాత మూడుసార్లు నిండి ఖాళీ అయితే చాలు. సల్ఫైట్ లేకపోతే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఫిక్సింగే సరిగా కాకపోతే మాత్రం ఎంత కడిగినా ప్రయోజనం లేదు, నీటిలో కరగని వెండి లవణాలు అక్కడే ఉంటాయి.

కడగడం పూర్తయిందా అన్న అనుమానం తీరాలంటే 0.3 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 0.6 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌లను 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అందులో 1 మిల్లీలీటరును 250 మిల్లీలీటర్ల మంచినీటిలో వేయండి. హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. కడిగిన షీటు నుంచి 30 సెకన్లు ఆ గ్లాసులోకి నీరు కారనివ్వండి. ఊదా రంగు నారింజకు మారితే హైపో (థయోసల్ఫేట్) ఇంకా ఉన్నట్టు. మీ కుళాయి నీరే రంగు మార్చేస్తుందేమో చూడటానికి, ఇంకో గ్లాసులో అదే ద్రావణం తయారుచేసి అందులోకి ఉత్త కుళాయి నీటి చుక్కలు వేసి పక్కన పెట్టుకోవాలి.

నీటి మరకలు పడకుండా వాడే వెట్టింగ్ ఏజెంటును మాత్రం వాషర్‌లో పోయకండి. దానికి విడి ట్రే పెట్టుకోవాలి, లేకపోతే మరుసటి కడుగులో నురగ వస్తుంది. పని అయ్యాక పలకలు తీసి ఆరబెట్టాలి. తడిగా వదిలేసిన వాషర్‌లో వారంలోనే జిగురు పాచి పడుతుంది, అది తర్వాతి నెగటివ్ ఎమల్షన్ మీదికే వచ్చి చేరుతుంది.