ఫుట్ డ్రాప్‌కు టెండన్ మార్పిడి: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చేయాల్సినవి

కుష్ఠువ్యాధిలో మోకాలి బయటి పక్కనున్న నరం దెబ్బతింటే పాదాన్ని పైకి లేపే కండరాలు చచ్చుబడతాయి. నడుస్తుంటే మునివేళ్లు నేలకు రాసుకుంటాయి. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ కండరానికి మాత్రం వేరే నరం ఉంది కాబట్టి అది సాధారణంగా బాగానే పనిచేస్తుంది. సర్జన్ ఆ కండరాన్ని ఎముకకు కలిపే తాడును, అంటే దాని టెండన్‌ను పాదం లోపలి అంచున విడదీసి, కాలి ముందువైపుకు తెచ్చి, వేళ్లను లేపే టెండన్లకు కలిపి కుడతారు.

తొందరపడకూడదు. పాదం చచ్చుబడి కనీసం 6 నెలలు దాటాలి. ఈలోగా స్టెరాయిడ్లతో నరం కోలుకోవచ్చు. రియాక్షన్ (కుష్ఠులో రోగనిరోధక శక్తి తిరగబడి నరాలు, చర్మం వాచడం) తగ్గి కూడా 6 నెలలు కావాలి. అరికాలి పుండు పూర్తిగా మానాలి. మోకాలు చాపి పాదాన్ని చేత్తో పైకి నెట్టి చూడండి. లంబకోణం దాటి రాకపోతే పిక్క బిగుసుకుపోయినట్టే. అప్పుడు మడమ వెనక టెండన్‌ను కూడా పొడిగించాలి, లేదంటే కొత్త టెండన్ ఎంత లాగినా పాదం లేవదు.

అసలు పని ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. కుర్చీలో కూర్చుని ఆ కాలి చీలమండను రెండో మోకాలిపై పెట్టుకోండి. అరికాలు పైకప్పును చూసేలా పాదం తిప్పండి. లోపలి చీలమండ ఎముక వెనక వేలు పెడితే టెండన్ తాడులా బిగుసుకోవడం తెలుస్తుంది. వేళ్లు ముడుచుకుంటున్నాయా? అయితే పనిచేస్తున్నది వేరే కండరం. వేళ్లు వదులుగా ఉంచి ఇదొక్కటే బిగించడం వచ్చేదాకా రోజూ చేయాలి.

ఆపరేషన్ తర్వాత పాదాన్ని పైకి వంచి ఉంచి 4 నుంచి 6 వారాలు కట్టు వేస్తారు. కట్టు విప్పాక 'పాదం లేపు' అంటే చాలామందికి చేతకాదు, ఎందుకంటే మెదడుకు ఆ కండరం ఇంకా లోపలికి తిప్పేదే. 'లోపలికి తిప్పు' అనండి, పాదం లేస్తుంది! కూర్చుని ఇది కుదిరాక నిలబడటం, బరువు ఆనించడం, ఆ తర్వాతే నడక. రాత్రిపూట స్ప్లింట్ (పాదం వాలకుండా పట్టి ఉంచే ఆధారం) తప్పనిసరి.

పాదాన్ని కిందికి నొక్కి సాగదీయవద్దు, వజ్రాసనంలా మడమలపై కూర్చోవద్దు: కుట్టు సాగితే టెండన్ వదులై పాదం మళ్లీ వాలుతుంది. పాదం వేడెక్కి వాస్తే, నొప్పి లేకున్నా నడక ఆపి డాక్టరుకు చూపించండి. స్పర్శ లేని పాదంలో ఎముక విరిగినా తెలియదు.