‘మంచి క్రైమ్ నవల ఇవ్వండి’ అని అడిగితే ఏమివ్వాలి?

లైబ్రరీ కౌంటర్ దగ్గర ఇంత తేలిగ్గా కనిపించి ఇంత ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకోటి లేదు. మొదట్లో నేను చేతికందినది ఇచ్చేసేదాన్ని. అలా ఒకసారి, నెమ్మదిగా ముడి విప్పే కథలు ఇష్టపడే ఒక పెద్దాయనకి వరుస హత్యల నవల ఒకటి అంటగట్టాను. రెండు రోజుల్లో తిరిగి తెచ్చి, “రాత్రి నిద్ర పట్టలేదమ్మా” అన్నారు. నేను మెచ్చుకోలు అనుకుని నవ్వాను. కాదని ఆయన మొహం చూశాక అర్థమైంది.

క్రైమ్ అనేది ఒక్క రకం కాదు. హత్య జరుగుతుందన్న మాటే గానీ, ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పోలికే ఉండదు. కాబట్టి “మీకు ఎలాంటివి ఇష్టం?” అని మాత్రం అడక్కండి, చాలామందికి ఆ ప్రశ్న వినగానే బుర్ర ఖాళీ అయిపోతుంది. “ఈమధ్య చదివినవాటిలో కింద పెట్టలేకపోయిన పుస్తకం ఏది?” అని అడగండి. పుస్తకం గుర్తు రాకపోతే సినిమా అయినా, వెబ్ సిరీస్ అయినా ఫర్వాలేదు. మీరు చెవి పెట్టాల్సింది పేరు మీద కాదు, దాని గురించి వాళ్లు మాట్లాడే తీరు మీద. “చివరిదాకా ఎవరో కనిపెట్టలేకపోయాను” అన్నవాళ్లకి పజిల్ కావాలి. “ఒక్క రాత్రిలో అయిపోయింది” అంటే వేగం. “ఆ ఇన్‌స్పెక్టర్ భలే మనిషి” అంటే పాత్ర కావాలి, వాళ్లకి ఒక సిరీస్ దొరికితే ఏడాదంతా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ దీన్నే నాలుగు గుమ్మాలుగా చెబుతారు: కథ, పాత్రలు, కథ జరిగే చోటు, భాష. ఎవరైనా పుస్తకంలోకి వీటిలో ఏదో ఒక గుమ్మం గుండానే వెళ్తారు, మీ పని అది ఏ గుమ్మమో కనిపెట్టడం.

రెండో ప్రశ్న నెత్తురు గురించి. దీన్ని మొహమాటపడి వదిలేయొద్దు. “హత్య తెర వెనక జరిగితే చాలా, కళ్లకు కట్టినట్టు రాసినా ఫర్వాలేదా?” అని సూటిగా అడిగేయండి. తర్వాత “అసలు చదవలేనివి ఏమైనా ఉన్నాయా?” అని కూడా. పిల్లలకి హాని జరిగే కథలు కొందరు చదవలేరు, లైంగిక హింస కొందరు, కుక్క చచ్చిపోతే చాలు పుస్తకం మూసేసేవాళ్లు ఇంకొందరు. ఎందుకు అని మాత్రం అడగొద్దు, అది వాళ్ల సొంత విషయం. ఇంకోటి, మనిషిని చూసి అంచనా వేయకండి. తల నెరిసిన ఆడవాళ్లు ఎంత భయంకరమైనవి చదువుతారో కౌంటర్ వెనక కొన్నాళ్లు కూర్చుంటే తెలుస్తుంది.

ఇప్పుడు జత కలపడం. పజిల్ కావాలన్నవాళ్లకి 1920ల, 30ల నాటి ఇంగ్లండ్ రచయితలు మంచి మొదలు. ఆధారాలన్నీ పాఠకుడి కళ్ల ముందే పెట్టాలని, రోనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో పది నియమాలే రాసిపెట్టాడు. ఆ ఆట ఆడదామని వచ్చినవాళ్ల చేతిలో అమెరికన్ రచయిత రేమండ్ చాండ్లర్‌ని పెట్టారనుకోండి, గొడవే. ‘ది బిగ్ స్లీప్’లో కారు డ్రైవర్‌ని ఎవరు చంపారని సినిమా తీస్తున్నవాళ్లు అడిగితే తనకీ తెలియదన్నాడట ఆయన! అక్కడ మజా అంతా మాటలో, ఆ నగరపు కుళ్లులో ఉంటుంది, సమాధానంలో కాదు. భాష అనే గుమ్మం గుండా వచ్చేవాళ్లకైతే అదే పండగ. హంతకుడెవరో మొదటి అధ్యాయంలోనే చెప్పేసే నవలలూ ఉన్నాయి, దొరుకుతాడా లేదా అన్నదే అక్కడ టెన్షన్. అవి ఇచ్చేటప్పుడు ఆ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే “రచయిత కథ ముందే చెప్పేశాడు” అని ఫిర్యాదు వస్తుంది.

సిరీస్ ఇచ్చేముందు వరుస చూడండి. ఇది నేను అందరికీ నెత్తిన కొట్టి చెప్పే విషయం. అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ పొయ్‌రో కథలు దాదాపు ఎక్కడ మొదలెట్టినా నడుస్తాయి, కానీ 1975లో వచ్చిన ‘కర్టెన్’ ఆయన చివరి కేసు, అది మొదట చేతిలో పెడితే పాపం. స్వీడన్ రచయితల జంట షోవాల్, వాలో 1965 నుంచి 1975 దాకా రాసిన పది నవలలైతే ఒకే పెద్ద కథలా అనుకుని రాసినవి, అవి ఒకటి నుంచే ఇవ్వాలి. మొదటి భాగం ఎవరైనా తీసుకెళ్లి ఉంటే నాలుగోది ఇచ్చి పంపకండి, రిజర్వ్ చేసి ఈలోగా ఇంకోటి ఇవ్వండి.

అన్నీ చదివి ఎలా గుర్తుపెట్టుకుంటాం అంటారా? చదవక్కర్లేదు. నా దగ్గరో నోట్‌బుక్ ఉంది, ఒక్కో పుస్తకానికి ఒక్క వరుస: వేగం, నెత్తురు సున్నా నుంచి మూడు దాకా, సిరీస్‌లో ఎన్నోది. మొదటి అధ్యాయం, మధ్యలో ఓ పది పేజీలు తిరగేస్తే చాలావరకు తేలిపోతుంది. తిట్టిన రివ్యూలు కూడా చదవండి, పొగిడినవాటికంటే అవే పనికొస్తాయి. “నూరు పేజీలైనా ఏమీ జరగలేదు, అంతా ఆ ఊరి వర్ణనే” అని ఒకరు విసుక్కున్నారంటే, ఆ పుస్తకం ఎవరికివ్వాలో మీకు తెలిసిపోయినట్టే.

రెండు, మహా అయితే మూడు పుస్తకాలు చూపించండి. పది పరిస్తే ఏదీ తీసుకోకుండా వెళ్లిపోతారు. ఒక్కోదానికీ ఎందుకిస్తున్నారో ఒక్క వాక్యం చాలు, “చివర్లో ట్విస్ట్ అదిరిపోతుంది” అని మాత్రం నోరు జారొద్దు. ట్విస్ట్ ఉందని తెలిసినవాడు మొదటి పేజీ నుంచే అందర్నీ అనుమానిస్తూ కూర్చుంటాడు. నచ్చకపోతే వదిలేయమని కూడా చెప్పండి. దీనికీ నాన్సీ పెర్ల్ లెక్క ఒకటుంది: 50 పేజీలు చూడండి, 50 ఏళ్లు దాటినవాళ్లు 100లోంచి వయసు తీసేసి అన్ని పేజీలు చూస్తే చాలు. డెబ్భై ఏళ్లాయనకి ముప్ఫై పేజీలే అన్నమాట.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు “నచ్చిందా?” అనకండి, మర్యాదకి అందరూ నచ్చిందనే అంటారు. “ఎక్కడిదాకా చదివారు?” అనండి. ఇరవయ్యో పేజీలో ఆపేశారంటే బహుశా గుమ్మమే తప్పు చూపించాం. మూడొంతులు చదివి ఆపారంటే ఏదో ఒక సన్నివేశం తట్టుకోలేకపోయారు, అదేంటో వాళ్లు చెబితే నోట్‌బుక్‌లో ఆ వరుస పక్కన రాసుకోండి.