న్యాయం గురించిన తత్వశాస్త్ర వ్యాసాన్ని చదివే పద్ధతి

నైతిక, రాజనీతి తత్వశాస్త్రాల్లో ఇప్పుడు సాగుతున్న చర్చను శ్రీకాకుళంలో కూర్చుని అనుసరించాలనుకునే విద్యార్థిని ఇంగ్లీషు భాషకన్నా ఎక్కువగా తికమకపెట్టేది, వ్యాసంలో ఏ మాట రచయితదో, ఏది ఆయన ఖండించబోయే వాదమో తేలకపోవడం. మన శాస్త్రగ్రంథాల్లాగే ఈ వ్యాసాలు కూడా పూర్వపక్షాన్ని బలంగా నిలబెట్టి, ఆ తర్వాతే దాన్ని ఖండించి సిద్ధాంతానికి వస్తాయి. కాకపోతే ఇది పూర్వపక్షమని ఎక్కడా విడిగా చెప్పవు. అందుచేత మొదటిసారి చదివేటప్పుడే పెన్సిలు పట్టుకుని ప్రతి పేరా అంచున ‘పూ’ అనో ‘సి’ అనో గుర్తు పెట్టుకోండి. ఈ అలవాటు లేని రోజుల్లో నేను ఒక రచయితకు ఆయన ఎదిరించిన వాదాన్నే అంటగట్టి, తరగతిలో పది నిమిషాలు ధీమాగా మాట్లాడాను.

వ్యాసం ఎంచుకునే ముందు స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వంలో ఆ విషయంపై ఉన్న పరిచయ వ్యాసాన్ని చదవండి. 1995లో మొదలైన ఈ ఆన్‌లైన్ గ్రంథం అందరికీ ఉచితం. పత్రికల్లో చాలావాటికి చందా కట్టాలి. అయితే 1971లో మొదలైన ఫిలాసఫీ అండ్ పబ్లిక్ అఫైర్స్ సంపాదకులు 2024లో ప్రచురణ సంస్థతో విభేదించి మూకుమ్మడిగా వైదొలగి, ఉచితంగా చదువుకోగలిగే ఫ్రీ అండ్ ఈక్వల్ అనే కొత్త పత్రికకు పూనుకున్నారు.

రెండోసారి చదివేటప్పుడు వాదాన్ని విడగొట్టాలి. తూర్పు బెంగాల్ ప్రజలు ఆకలితో చనిపోతున్న 1971 నవంబరులో రాసి, 1972లో ఆస్ట్రేలియా తత్వవేత్త పీటర్ సింగర్ ప్రచురించిన వ్యాసం ఈ అభ్యాసానికి చక్కగా సరిపోతుంది. తిండి, నీడ, వైద్యం లేక కలిగే బాధ, మరణం చెడ్డవన్నది ఆయన మొదటి ఆధారవాక్యం. ఒక చెడుకు దీటైన నైతిక విలువ ఉన్నదేదీ కోల్పోకుండా ఆ చెడును ఆపగలిగినవారు ఆపి తీరాలన్నది రెండోది. ఈ రెండో వాక్యాన్ని ఆయనే మెత్తబరిచి, నైతికంగా లెక్కలోకి వచ్చేదేదీ కోల్పోనక్కర్లేనప్పుడు ఆపాలని కూడా చెప్పారు. వాదం బరువంతా ‘దీటైన’ అనే ఒక్క మాట మీద ఉంది. అలాంటి మాట కింద గీత గీయండి.

ఆ తర్వాత న్యాయం గురించిన వాదాలను మన ఊరి ఉదాహరణతో పరీక్షించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. పరిహారాన్ని చెట్ల లెక్కన కట్టారనుకోండి: తోట యజమానికి చెట్టుకింత చొప్పున వస్తుంది, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి పని పోగొట్టుకునే దింపు, ఒలుపు కార్మికులకు లెక్కపెట్టి చూపడానికి చెట్టే ఉండదు. ఇది న్యాయమా? గాలి చేసిన నష్టానికి సాటి మనిషి బాధ్యుడు కాడు కనుక, పరిహారం కోసం ఒకరి సొత్తును పన్నుగా లాగడం కుదరదని అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974 నాటి వాదం నడుస్తుంది. కేవలం దురదృష్టానికి నష్టపరిహారం లెక్కగట్టడమే సమానత్వమనుకోవడం పొరపాటనీ, మనుషులు ఒకరితో ఒకరు సమానులుగా మెలగగలుగుతున్నారా అన్నది చూడాలనీ మరో అమెరికన్ తత్వవేత్త ఎలిజబెత్ ఆండర్సన్ 1999లో వాదించారు. ఆ దారిలో వెళితే, జాబితా రాసే బల్ల దగ్గర ఒలుపు కార్మికుడి మాట వినిపిస్తుందా అనే ప్రశ్న ముందుకొస్తుంది. న్యాయ సిద్ధాంతానికి పేరుపొందిన తత్వవేత్త జాన్ రాల్స్‌ను ఇక్కడ అతికించాలని చాలామందికి తోస్తుంది గానీ, అట్టడుగువారికి మేలు చేసే అసమానతలకే అనుమతి ఉందన్న ఆయన సూత్రం సమాజపు మౌలిక నిర్మాణానికి, అంటే రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ వంటి ప్రధాన వ్యవస్థలకు, సంబంధించింది. ఒక్క సహాయ జాబితాకు దాన్ని సూటిగా అన్వయించడం సరికాదు.

చివరగా మీ అభ్యంతరాన్ని ఒక పేజీలో తెలుగులోనే రాయండి. ‘రైట్’ అన్న ఒక్క ఇంగ్లీషు మాట ఒకచోట ఒప్పు అవుతుంది, మరొకచోట హక్కు అవుతుంది; తెలుగులో రాస్తే రచయిత ఒకదాన్నుంచి మరొకదానికి ఎక్కడ జారాడో బయటపడుతుంది. మన ‘న్యాయం’ మాత్రం కోర్టుకూ నీతికీ ఒకటే కాబట్టి అక్కడ మనం జాగ్రత్తపడాలి. రాయడం అయ్యాక మీ అభ్యంతరం ఆ వ్యాసం అడుగున ఉన్న పాదసూచికల్లో ఇప్పటికే ఉందేమో వెతకండి. తరచుగా ఉంటుంది, అక్కడ పేర్కొన్న వ్యాసమే మీరు తర్వాత చదవవలసింది.