పార్టీ అధ్యక్ష ఎన్నికలో ఓటు వేసే ముందు: ఒడిశా సరిహద్దు జిల్లాల ప్రతినిధులకు కొన్ని జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు పార్టీల్లో తిరిగే తెలుగువాళ్లకు అసెంబ్లీ ఎన్నికలు కొట్టిన పిండే. సొంత పార్టీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సీజను మాత్రం ఎప్పుడో గానీ రాదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కూడా అందులో తడబడతారు. మామూలు ఎన్నికలో ఓడిపోయినవాడు అవతలి పార్టీవాడు. ఇక్కడ ఓడిపోయినవాడు మర్నాడు మీ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు, ఎవరు తనవైపు రాలేదో లెక్క చూసుకుంటాడు కూడా.

మొదట తేల్చుకోవాల్సింది, మీ పార్టీలో నిజంగా పోటీ ఉంటుందా అని. బిజూ జనతాదళ్‌లో 2025 ఏప్రిల్‌లో నవీన్ పట్నాయక్ తొమ్మిదోసారి అధ్యక్షుడైంది ఏకగ్రీవంగానే. బీజేపీ జాతీయ అధ్యక్ష పదవి ఓటింగు దాకా వచ్చిన దాఖలాలు లేవు. అలాంటి పార్టీల్లో బేరీజు వేసే పని బూత్, మండల, జిల్లా కమిటీల దగ్గరే జరగాలి. పైకి వెళ్లేసరికి అంతా అయిపోయి ఉంటుంది. బ్యాలెట్ పెట్టెలో నిజంగా ప్రతినిధుల ఓట్లు పడే పెద్ద పార్టీ కాంగ్రెస్ కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ దానివే. మిగతావాళ్లు తమ నియమావళితో సరిచూసుకుంటే చాలు.

మనిషికంటే ముందు పదవి

పోటీ మొదలవగానే అందరూ అభ్యర్థి వయసు, కులం, భాష, ఉపన్యాసం గురించి మాట్లాడతారు. గెలిచాక ఆయన చేతిలో ఏముంటుందని అడిగేవాళ్లు తక్కువ. 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక సంగతి ఒడిశా తెలుగువాళ్లకు రెండు వైపుల నుంచీ దగ్గరిది. కటక్‌లో పుట్టిన సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, మచిలీపట్నం డాక్టరు పట్టాభి సీతారామయ్యకు 1,377 వచ్చాయి. 203 ఓట్ల తేడాతో బోస్ నెగ్గారు. మార్చిలో త్రిపురి మహాసభ, కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్టప్రకారమే వెయ్యాలని తీర్మానించింది. ఏప్రిల్ నెలాఖరుకి బోస్ రాజీనామా ఇచ్చేశారు. 1950లో కృపలానీ మీద గెలిచిన పురుషోత్తమదాస్ టాండన్ కూడా నెహ్రూతో పొసగక మరుసటి ఏడే తప్పుకున్నారు. ఓట్లు తెచ్చుకోవడం ఒక ఎత్తు, కార్యవర్గాన్ని నడిపించుకోవడం ఇంకో ఎత్తు.

అందుకని అభ్యర్థి ముందు పెట్టాల్సిన మొదటి ప్రశ్న: వర్కింగ్ కమిటీకి, అంటే పార్టీని నడిపే ఆ కార్యవర్గానికి, ఎన్నిక పెడతారా, నామినేట్ చేస్తారా? పార్టీ నియమావళిలో సుమారు సగం మంది సభ్యుల్ని ఎన్నుకునే వీలుంది. 2022లో ఎన్నికైన మల్లికార్జున ఖర్గే హయాంలో, 2023 ఫిబ్రవరి రాయపూర్ ప్లీనరీ (మహాసభ)లో ఎన్నిక పెట్టలేదు, అందర్నీ నామినేట్ చేసే అధికారం ఆయనకే ఇచ్చారు. ఓటు వేసిన వేలమందిలో ఎందరు ముందే ఈ ప్రశ్న అడిగారో గానీ, అడగాల్సింది అప్పుడే.

రెండో ప్రశ్న మన రాష్ట్రానిది. పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) అధ్యక్షుణ్ణి ఎవరు తేలుస్తారు? 2025 ఫిబ్రవరిలో ఒడిశా పీసీసీకి భక్త చరణ్ దాస్‌ను నియమించింది ఢిల్లీయే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లా కమిటీల పేర్లు కూడా చివరికి పైనుంచే వస్తాయి. అంటే జాతీయ అధ్యక్షుడికి వేసే ఓటు తిరిగి తిరిగి మీ జిల్లా ఆఫీసు తాళాలు ఎవరి దగ్గర ఉండాలో కూడా తేలుస్తుంది. జిల్లా అధ్యక్షుణ్ణి వేసేటప్పుడు బ్లాకు కమిటీల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుంటారా అని సూటిగా అడగండి. ‘అందర్నీ కలుపుకుపోతాం’ అంటే సమాధానం లేదని అర్థం.

రెండు ఒడ్డుల మాట

సరిహద్దులో ఉన్నవాళ్లకు మిగతా ప్రతినిధులకు లేని ఒక కొలబద్ద ఉంది. ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేననే కొఠియా గ్రామాల తగాదా, పోలవరం ముంపు, వంశధార నీళ్లు, ఈ మూడింటి మీద అభ్యర్థి గానీ ఆయన ముఖ్య ప్రచారకులు గానీ భువనేశ్వర్‌లో ఏమన్నారో, విజయవాడలో ఏమన్నారో పక్కపక్కన పెట్టి చూడండి. ఒడియా పేపరు కటింగూ తెలుగు పేపరు కటింగూ ఒకే కాగితం మీద అతికిస్తే సగం పని అయిపోతుంది. పూర్తిగా మన వైపే మాట్లాడాలని ఆశించడం పొరపాటు. జాతీయ పార్టీ అధ్యక్షుడు రెండు రాష్ట్రాల శాఖల మధ్య నలగక తప్పదు. రెండు చోట్లా ఒకే మాట అన్నాడా లేదా అన్నదే ముఖ్యం. కొఠియాలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ జేబులో ఉన్నవాళ్ల దగ్గర రెండు నాలుకల మాట ఎక్కువ రోజులు నిలవదు.

తెలుగు బడుల విషయంలో ప్రశ్న సరిగ్గా వేయాలి. ప్రాథమిక చదువు మాతృభాషలో అందించే బాధ్యత రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రం మీద పెట్టింది. టీచర్ల పోస్టులు వెయ్యడం పార్టీ అధ్యక్షుడి పని కాదు. ఎన్నికల ప్రణాళిక కమిటీలో ఎవరుండాలి, టిక్కెట్లు ఎవరికివ్వాలి అన్నవి ఆయన చేతిలోవి. ‘బరంపురంలో తెలుగు స్కూలుకి టీచర్లనిస్తారా’ అంటే తేలిగ్గా ‘తప్పకుండా’ అనేస్తాడు. ‘ఒడిశా ప్రణాళిక కమిటీలో భాషా మైనారిటీల నుంచి ఒకరిని వేస్తారా’ అంటే అవునో కాదో చెప్పక తప్పదు.

అధ్యక్ష అభ్యర్థి సొంత ప్రణాళిక చేతికొస్తే లెక్కకు దొరికే హామీలనే గుర్తు పెట్టుకోండి. 2022లో ఖర్గే, పార్టీ అంతకుముందు చేసుకున్న ఉదయపూర్ డిక్లరేషన్ అమలు చేస్తానన్నారు, అందులో ఒకటి పార్టీ పదవుల్లో సగం యాభై ఏళ్ల లోపువాళ్లకు. ఇది వేళ్ల మీద లెక్కపెట్టి అడగదగ్గ హామీ. ఆయన మీద పోటీ చేసిన శశి థరూర్ అధికార వికేంద్రీకరణ అన్నారు. దాని జోలికి వెళ్తే ఏ అధికారం, ఎవరికి, ఎప్పటిలోగా అని విడదీసి అడగాలి. థరూర్ ప్రణాళికలో భారతదేశం మ్యాపే తప్పు పడి, క్షమాపణ చెప్పి మార్చుకోవాల్సి వచ్చింది. సరిహద్దు గీత అటూ ఇటూ జరిగితే ఏమవుతుందో కొఠియా ఉన్న పొట్టంగి వాళ్లకు వేరే చెప్పాలా!

కాగితం దగ్గర జారకండి

ఎవర్ని ఎంచుకున్నారన్నది మీ ఇష్టం, ఓటు చెల్లకపోతే మాత్రం ఆ ఆలోచనంతా వృథా. 2022లో ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072 ఓట్లు వస్తే, చెల్లనివి 416. సుమారు ప్రతి ఇరవై మూడు ఓట్లలో ఒకటి! ఓటేసినవాళ్లేమో ఏళ్ల తరబడి జనానికి ఓటెలా వెయ్యాలో నేర్పినవాళ్లు. గుర్తు ఎలా పెట్టాలన్నదే ఆ ఏడు చివరి నిమిషంలో మారింది. మొదట నచ్చిన అభ్యర్థి పేరుకెదురుగా ‘1’ వెయ్యమన్నారు. బ్యాలెట్‌లో ఒకటో నంబరు ఖర్గేది కావడంతో తికమక అవుతుందని థరూర్ వర్గం అభ్యంతరం చెప్పింది. దాంతో టిక్కు పెట్టమన్నారు. పాత సూచన కాగితం జేబులో పెట్టుకుని వెళ్లకండి. బూత్ గోడకు అంటించింది చదివి, అనుమానముంటే అధికారిని అడిగాకే పెన్ను పట్టండి.

అభ్యర్థులు ఇద్దరికి మించితే పద్ధతే వేరు. 1, 2 అంటూ ప్రాధాన్య సంఖ్యలు వెయ్యాలి, కనీసం రెండైనా వెయ్యకపోతే ఆ ఓటు చెల్లదు. రెండో ప్రాధాన్యాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లకు బరంపురం బిడ్డ వి.వి.గిరి రాష్ట్రపతి ఎన్నిక గుర్తుండాలి. 1969లో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఆయనకు కావలసిన మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిశాకే నీలం సంజీవరెడ్డి మీద నెగ్గారు.

సంతకం ఇంకో గండం. మనలో చాలామంది ఇంట్లో తెలుగులో, బ్యాంకులో ఇంగ్లీషులో, పార్టీ ఫారాల్లో ఒడియాలో సంతకం పెడతారు. ప్రతినిధి ఫారంలో ఏ లిపిలో పెట్టారో, ప్రతిపాదకుడిగా అభ్యర్థి నామినేషన్ మీద సంతకం చేసేటప్పుడూ అదే లిపిలో పెట్టాలి. 2022లో దాఖలైన 20 నామినేషన్ పత్రాల్లో 4 సంతకాల దగ్గరే తిరస్కరణకు గురయ్యాయి, మూడో అభ్యర్థి కె.ఎన్.త్రిపాఠి పోటీ దాంతోనే ముగిసింది. ఇంటిపేరు ముందు రాస్తారా వెనక రాస్తారా అన్నది కూడా జాబితాలో తేడా తెస్తుంది. ముసాయిదా జాబితా రాగానే పీసీసీ ఆఫీసులో ఒడియా ప్రతి అడిగి చూసుకుని, తప్పుంటే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఖాళీ నామినేషన్ ఫారం మీద ఎంత దగ్గరివాళ్లు అడిగినా సంతకం పెట్టొద్దు. ఓటు రహస్యం, ప్రతిపాదన రహస్యం కాదు. పదిమంది ప్రతిపాదకుల్లో మీ పేరుంటే అది అందరికీ తెలుస్తుంది. దానికి సిద్ధపడే చెయ్యండి.

ప్రచార నిబంధనలూ ఉంటాయి. 2022లో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) కార్యదర్శులు, పీసీసీ అధ్యక్షులు, శాసనసభా పక్ష నేతలు ఎవరి తరఫునైనా ప్రచారం చెయ్యాలంటే ముందు పదవి వదులుకోవాలన్నారు. పీసీసీ అధ్యక్షుడు హాలు, కుర్చీలు, మైకు ఇవ్వొచ్చు గానీ సొంతంగా మీటింగు పిలవకూడదన్నారు. ఓటర్లను తీసుకురావడానికి అభ్యర్థులు వాహనాలు పెట్టకూడదన్నారు. కాబట్టి ‘బండి పంపిస్తాం, హోటల్ చూసుకుంటాం’ అని ఫోనొస్తే వద్దనండి.

ఓటింగు భువనేశ్వర్‌లోనే ఉంటుంది. 2022లో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా. బరంపురం వాళ్లు తెల్లవారుజామున బయల్దేరినా చేరతారు. కోరాపుట్, రాయగడ వాళ్లు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌ను నమ్ముకుంటే ముందురోజుకే టిక్కెట్టు తీసుకోవాలి, అది ఆలస్యమైతే మధ్యాహ్నం దాకా ఆశ ఉండదు. క్యూఆర్ కోడున్న ప్రతినిధి కార్డు, ఫొటో ఉన్న ఇంకో గుర్తింపు కార్డు రెండూ పెట్టుకోండి. బ్యాలెట్ ఫొటో తియ్యొద్దు. అన్ని రాష్ట్రాల ఓట్లూ కలిపేసి లెక్కపెట్టేది ఎక్కడివి ఎవరికి పడ్డాయో తెలియకూడదనే. మీ ఫోనులో ఒక్క ఫొటో ఉంటే ఆ రక్షణ మీకు పోయినట్టే.