నడుము కొలత ఎలా తీసుకోవాలి, ఎలా రాసిపెట్టుకోవాలి: ఒక టైలర్ చెప్పే పద్ధతి

చిక్కడపల్లిలో మాది జెంట్స్ టైలరింగ్ షాపు. 1991 నుంచి కొలతల పుస్తకాలు ఒక్కటీ పారెయ్యలేదు. పెళ్లి సూటుకి 30 నడుముతో వచ్చిన అబ్బాయి ఇప్పుడు కొడుకు పెళ్లికి 40తో వస్తున్నాడు. ఏడాదికి అర అంగుళం కూడా ఉండదు కాబట్టి ఆయనకి తెలియలేదు. నా పుస్తకంలో మాత్రం ఉంది.

అలాంటి పుస్తకం మీ ఇంట్లో కూడా ఉండాలి. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే ఉండదు. ఒంట్లో ఇన్సులిన్‌ని పెంచుతుంది, వాపుని రగిలిస్తుంది, కాలేయంలో పేరుకుంటుంది, కడుపులో ఆమ్లాన్ని అన్నవాహికలోకి ఎగదోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 13 రకాల క్యాన్సర్లకి అధిక కొవ్వుతో సంబంధం ఉందని తేల్చింది. అందులో అన్నవాహిక, కడుపు పైభాగం, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం ఉన్నాయి. సగం దాకా జీర్ణవ్యవస్థవే.

ఇక కొలత సంగతి. ప్యాంటు సైజుని నమ్మకండి. పొట్ట వచ్చినవాళ్లు ప్యాంటుని పొట్ట కిందకి దించి కట్టుకుంటారు. అక్కడ 36 ఉంటుంది, టేపు నాలుగు వేళ్లు పైకి జరిపితే 41. రెడీమేడ్ ప్యాంట్లు నేను చాలా కొలిచాను, 34 అని రాసి ఉన్నదాంట్లో 36 నడుము పట్టేస్తుంది.

పొద్దున్నే పరగడుపున, చొక్కా తీసి నిలబడండి. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. వెనక జారకూడదు, ముందు ఎగరకూడదు. ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. టేపు కనిపించగానే మగవాళ్లందరూ పొట్ట లోపలికి లాక్కుంటారు, అందుకే నేను పిల్లల చదువుల గురించి అడుగుతూ కొలుస్తాను. పాత గుడ్డ టేపు సాగిపోతుంది, ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి.

మనవాళ్లకి గీత ఇది: మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, అంటే 35న్నర అంగుళాలు. ఆడవాళ్లకి 80, అంటే 31న్నర. బరువు కూడా రాయండి. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి సుమారు 63 కిలోలు దాటితే ఎక్కువ, 68 దాటితే ఊబకాయం కిందే లెక్క.

పుస్తకం మొదటి పేజీలో మీ 20 ఏళ్లప్పటి బరువు రాయండి. గుర్తులేకపోతే ఉద్యోగంలో చేరినప్పటి మెడికల్ కాగితం వెతకండి. ఇవాళ్టి బరువు ఒక్కటే చూస్తే సరిపోదు, అప్పటినుంచి ఎంత పెరిగిందన్నది కూడా ముఖ్యమే. తర్వాత ఏడాదికి నాలుగుసార్లు రాస్తే చాలు: ఉగాది, బోనాలు, దసరా, సంక్రాంతి. ఈ పండగలు ఎవరూ మర్చిపోరు.

తగ్గించుకోవడం గురించి నాకన్నా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బాగా చెబుతారు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నది వాళ్ల మాటే. నేను రోజంతా మిషన్ మీద కూర్చునేవాణ్ని కాబట్టి పొద్దున్నే ఇందిరా పార్కులో నడుస్తాను.

అసలు ఇదంతా రాయడానికి కారణం మా బావ. 38 నడుము ఆయనది. ఒక దసరాకి ప్యాంట్లు లూజయ్యాయని తెచ్చాడు, 36కి కుట్టాను. సంక్రాంతికి మళ్లీ తెచ్చాడు, 34. “మంచిగ తగ్గినవ్ బావా” అన్నాను. ఇద్దరం సంతోషపడ్డాం. విరేచనంలో రక్తం పడుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు, మొలలనుకున్నాడు. పెద్దపేగు క్యాన్సర్ అని తేలేసరికి కాలేయానికి పాకింది. వయసు 48. బరువు వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు, నేనూ చెప్పను. కానీ ఆ రెండు అంకెలూ నా చేత్తో రాసినవే.

అందుకని పుస్తకంలో అంకె కిందకి దిగినా ఆగి చూడండి. తిండి తగ్గించకుండా, నడక పెంచకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో నూటికి అయిదు వంతులు పోతే, 80 కిలోల మనిషికి నాలుగు కిలోలు, డాక్టర్‌కి చూపించాలి. రక్తం పడినా, విరేచనం అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా అంతే. ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్లకి, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. మా మేనల్లుడికి అది 38 ఏళ్లకి. ఆ తేదీ వాడి పేజీలో ఎర్ర ఇంకుతో రాసిపెట్టాను.

ఇప్పుడు ఎవరైనా ప్యాంటు నడుము తగ్గించమని వస్తే టేపు తీసేముందు ఒక మాట అడుగుతాను. “తగ్గించారా, తగ్గిందా?” తగ్గింది అంటే ఆల్టరేషన్ తర్వాత చేస్తాను, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి రమ్మంటాను.