పాత కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్, కంట్రోలర్ కార్డు ఎంచుకోవడం ఎలా?

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఫొటో స్టూడియో నడుపుతున్న మిత్రుడొకరు, 2012లో కొన్న తన కంప్యూటర్‌లో పెళ్లి ఫొటోలకు చోటు చాలడం లేదని 4 టీబీ హార్డ్ డిస్క్‌ను, దానితో పాటు ఒక సాటా కంట్రోలర్ కార్డును (డిస్కులు తగిలించే సాటా పోర్టులను అదనంగా ఇచ్చే కార్డు) కొని తెచ్చి, వాటిని బిగించడానికి నన్ను పిలిచారు. క్యాబినెట్ మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద రెండు సాటా పోర్టులు దుమ్ము పట్టి ఖాళీగా కనిపించాయి. "మూత ముందే తీసి చూసింటే ఈ దుడ్డు మిగిలేది గదన్నా" అని ఆయనే అన్నారు. అందుకే స్క్రూడ్రైవర్ పని ముందు, దుకాణం పని తరువాత పెట్టుకోవాలి.

మొదట కరెంటు తీగ పీకి, మూత తీసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి నాలుగు విషయాలు రాసుకోండి: బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరు, ఖాళీ సాటా పోర్టుల సంఖ్య, కార్డులు గుచ్చే ఖాళీ స్లాట్ల రకం, కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె నుంచి వచ్చే సాటా పవర్ కనెక్టర్లలో మిగిలినవి. ఫోనుతో ఫొటో కూడా తీసుకుంటే దుకాణంలో మాటలతో వివరించే అవస్థ తప్పుతుంది. సాటాకు ముందటి కాలపు వెడల్పాటి 40 పిన్నుల ఐడీఈ కనెక్టర్లు తప్ప సాటా అసలు లేని బోర్డయితే, దాని మీద ఇంకా డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

రెండవ పని, పోర్టుల వేగం తెలుసుకోవడం. సాటా మొదటి తరం సెకనుకు సుమారు 150, రెండవది 300, మూడవది 600 మెగాబైట్ల వరకు మోయగలవు. మిత్రుడి బోర్డులోని హెచ్61 చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపి నడిపే చిప్) పోర్టులన్నీ రెండవ తరానివే, అయినా మామూలు హార్డ్ డిస్క్‌కు అవి చాలు. తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ వేగం అక్కడ సగానికి తగ్గుతుంది, అయినప్పటికీ విండోస్‌ను ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ పళ్ళేనికి ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లను వెతుకుతుంది గనుక, కంప్యూటర్ నత్తనడకకు అసలు కారణం పోర్టు కన్నా ఆ ఎదురుచూపే.

ఫొటోలు, వీడియోలు దాచడానికి హార్డ్ డిస్క్ కొనేటప్పుడు అది సీఎమ్ఆర్ (రాతల వరుసలు విడివిడిగా ఉండే) రకమో ఎస్ఎమ్ఆర్ రకమో తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూడండి. ఎస్ఎమ్ఆర్‌లో రాతల వరుసలు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి పడతాయి గనుక, పాత ఫైలును మార్చిన ప్రతిసారీ పక్క వరుసలను కూడా తిరిగి రాయాల్సి వచ్చి పని నెమ్మదిస్తుంది. బ్యాకప్‌కు అది ఫరవాలేదు, రోజూ ఎడిటింగ్ చేసేవారు మాత్రం సీఎమ్ఆర్ తీసుకోవడం మేలు. సెకండ్ హ్యాండ్ డిస్క్ చవకగా దొరికితే, డబ్బు ఇచ్చేముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములో అది ఎన్ని గంటలు తిరిగిందో చూడండి. ఏడాదికి 8,760 గంటలు. సీసీ కెమెరాల రికార్డర్ల నుంచి తీసిన డిస్క్ 26,000 గంటలు చూపితే, అది మూడేళ్లపాటు రాత్రింబగళ్లు తిరిగిందన్నమాట. అక్కడే కనిపించే రీఅలొకేటెడ్ (చెడిపోయి పక్కన పెట్టిన), పెండింగ్ (చెడినట్టు అనుమానమున్న) సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న గడుల, లెక్క సున్నా కాకపోతే ఆ బేరం వద్దు.

పాత విభజన పద్ధతి అయిన ఎంబీఆర్ సాధారణ డిస్కులో సుమారు 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. అంతకన్నా పెద్ద డిస్క్‌ను జీపీటీ అనే కొత్త విభజన పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి. బోర్డులో పాత బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) ఉన్నా విండోస్ 7, ఆ తరువాతి విండోస్‌లు దానిని డేటా డిస్క్‌గా వాడుకోగలవు.

బోర్డు మీది పోర్టులు నిజంగా నిండిపోయినప్పుడే కార్డు మాట ఎత్తాలి. పాత పీసీఐ స్లాట్‌లో మొత్తం దారి సెకనుకు 133 మెగాబైట్లే, దానినీ మిగతా పీసీఐ కార్డులతో పంచుకోవాలి. చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ మొదటి తరమైతే 250, రెండవ తరమైతే 500 మెగాబైట్లు ఇస్తుంది. ఏఎస్‌మీడియా 1061 చిప్ ఉన్న రెండు పోర్టుల కార్డు ఈ చిన్న స్లాట్‌కు సరిపోతుంది. అదే స్లాట్‌కు ఆరేడు పోర్టుల కార్డు పెడితే పోర్టులు పెరుగుతాయి గానీ దారి వెడల్పు పెరగదు. అన్ని కార్డుల నుంచీ కంప్యూటర్ బూట్ కాదు గనుక విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీని బోర్డు పోర్టుకే ఉంచి, డేటా డిస్కులను కార్డుకు మార్చండి.

పవర్ కనెక్టర్ చాలకపోతే మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే తీగ వాడవచ్చు. అయితే ఒకే ముద్దగా అచ్చుపోసిన కనెక్టర్లు లోపల తీగలు తాకి కాలిపోయిన సందర్భాలున్నాయి, తీగలు విడివిడిగా కనిపించే రకమే అడగండి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో రెండు డిస్కులను ఒకదాని మీద ఒకటి ఆనించకుండా మధ్యలో డిస్క్ బిగించే ఒక గూడు ఖాళీగా వదలాలి.

విండోస్‌ను కొత్తగా ఎక్కించేముందే బయోస్‌లో సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐకి (సాటా డిస్కులతో మాట్లాడే కొత్త పద్ధతికి) మార్చండి. ఎక్కించిన తరువాత మారిస్తే నీలి తెర ఎదురుకావచ్చు. ఫైళ్లన్నీ కొత్త డిస్క్‌కు చేరాక కూడా పాత డిస్క్‌ను రెండు మూడు వారాలు చెరపకుండా ఉంచి, ఈలోగా కొత్తదాని సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిన సందర్భాల) లెక్కను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో గమనించండి. అది పెరుగుతూ ఉంటే డిస్క్‌ను వెనక్కి ఇచ్చేముందు సాటా కేబుల్ మార్చి చూడండి, తప్పు చాలాసార్లు ఆ కేబుల్‌లోనే ఉంటుంది.